కరెంటు చుట్ట, తెల్ల తువ్వాల

చిన్నాయిన పోయాడని మహబూబ్‌నగర్ నుంచి ఆయన కూతురు, మా చెల్లె ఫోన్ చేసినప్పుడు నేను బియ్యం డబ్బాలో వేపాకు కలుపుతున్నాను. పొద్దున తొమ్మిది దాటింది.

"అక్కా, బాపు పోయిండు. కంట్ల చుక్కలేసి, అయిదు నిమిషాలు కండ్లు మూసుకొని కూసోమన్న. కూసున్నడు. గంతే" అంది.

వస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాను. మిగిలిన వేపాకు కూడా కలిపాను. మూత బిగించాను. చేతులు కడుక్కున్నాను. ఆ తర్వాతే మా ఆయనకు చెప్పాను. ఎందుకలా చేశానో నాకు తెలియదు. నెల దాటింది. అప్పటినుంచి ఇంట్లో పనులన్నీ వేళకు జరుగుతూనే ఉన్నాయి, చేస్తున్నది మాత్రం ఎవరో పక్కింటావిడ అన్నట్టుంది.

చిన్నాయిన అంటే మా నాయిన తమ్ముడు. కొత్తకోటలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేవాడు. సర్కారు బడిలో జీవశాస్త్రం చెప్పి, తెలంగాణ వచ్చిన కొత్తలో రిటైరయ్యాడు. ఊపిరితిత్తుల పాఠం ముప్పై ఏళ్లు చెప్పాడు. ఆ ముప్పై ఏళ్లూ సిగరెట్ తాగాడు. ఆ పాఠం చెప్పే రోజు మాత్రం సాయంత్రం దాకా ముట్టేవాడు కాదు. "ఏడాదికి ఒక్కరోజన్న పిల్లల ముంగట నిజంగ నిలబడాలె గద బిడ్డా" అనేవాడు.

రోజూ నాలుగింటికి మా ఇంటికి టీకి వచ్చేవాడు. గేటు గొళ్లెం రెండుసార్లు కొట్టేవాడు. చెప్పులు వీధివైపు తిప్పి విడిచేవాడు. భుజం మీది తెల్ల తువ్వాల తీసి గేటు పక్క తీగ మీద ఆరేసి, అప్పుడు లోపలికి వచ్చేవాడు. ఆ తువ్వాలకు పొగ వాసన. అది నా వంటింట్లోకి రాకూడదని ఆయన పెట్టుకున్న నియమం. నేను ఎన్నడూ అడగలేదు.

ఒకరోజు తువ్వాలతో పాటు ఇంకో వస్తువు తెచ్చాడు. పెన్నులాంటిది, నల్లది, కొనకు పలుచని ప్లాస్టిక్ తొడుగు. ఈ-సిగరెట్. చెల్లె మొగుడు హైదరాబాద్‌లో కొని తెచ్చాడట. అప్పటికింకా వాటి మీద నిషేధం రాలేదు. అల్లుడికీ ఆయనకూ జరిగిన మాటలు చిన్నాయిన ఇద్దరి గొంతులతోనూ చెప్పాడు.

"మామా, గిది వట్టుకుంటే సిగరెట్ దానంతటదే పోతది. మా ఆఫీసుల నలుగురు మానిన్రు."

"మంచిది. ఎంతమంది వట్టుకున్నరు?"

"గది తెల్వదు మామా."

"మరి నలుగురంటే ఎక్కువనా, తక్కువనా?"

అల్లుడు టీ తాగి వెళ్లిపోయాడట. చిన్నాయిన దానికి కరెంటు చుట్ట అని పేరు పెట్టాడు. మా చిన్నమ్మ అయితే, "ఉన్నది సాలదని గిదొకటా! ఇగ ఈయన చార్జింగ్ వెట్టుకొని తాగుతడు" అంది.

తెలుసుకోకుండా నోట్లో పెట్టుకోనని చిన్నాయిన పట్టు. ఇంటర్నెట్ సెంటర్‌లో కాగితాలు తీయించుకొచ్చాడు. ఈ పరికరంతో జనం సిగరెట్ మానుతారా లేదా అని వేరే దేశాల్లో చేసిన పరిశోధనలు. అన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. నేను ఇంటర్ దాకా కామర్స్ చదివినదాన్ని.

"నాకెందుకు చిన్నాయినా ఇవి?" అన్నాను.

"ఆవకాయ జాడి ఏ తారీఖు మూత తీసినవో గూడ గీత గీసి రాసేటి దానివి నువ్వు. నేను సదివి తెలుగుల జెప్త. నువ్వు రాయి."

అలా ఒక పొడుగు నోటుబుక్ మొదలైంది. ఒక్కో పరిశోధనకు ఒక్కో వరస. గడులు నేనే గీశాను. ఎంతమందితో మొదలుపెట్టారు, వాళ్లకు ఏమిచ్చారు, ఎంతమంది మానారు. మూడు గడులు చాలనుకున్నాను. ఆ చలికాలం అయిపోయేసరికి గడులు తొమ్మిదయ్యాయి. ప్రతి కొత్త గడి వెనకా నా తప్పు ఒకటుంది.

మొదటి తప్పు ఇది. ఒక పరిశోధనలో చాలామంది మధ్యలోనే రావడం మానేశారు. వాళ్లను పక్కన పెట్టి, చివరిదాకా ఉన్నవాళ్లలో ఎందరు మానారో లెక్కగట్టి, సగానికి పైగా మానారని రాశాను. చిన్నాయిన ఎర్రపెన్ను తీశాడు. ఆయన జేబులో రిటైరయ్యాక కూడా ఎర్రపెన్ను ఉండేది. పేపర్‌లో అచ్చుతప్పులు దిద్దేవాడు.

"రానోల్లు ఏడవోయిన్రు?"

"వాళ్ల సంగతి తెలియదు కదా, అందుకే తీసేశాను."

"మా కాడ ఒక హెడ్మాస్టరు గిట్లనే జేసిండు. పరీచ్చకు రానోల్లను తీసేసి, నూటికి నూరు పాసని గేటుకు బోర్డు గట్టిండు. సిగరెట్ మానినోడు ఉరికొచ్చి జెప్తడు బిడ్డా. మానలేనోడే మొకం సాటేస్తడు. రానోన్ని తాగినట్టే రాయాలె."

పరిశోధకులూ చాలామంది అలాగే చేస్తారట. ఆయన చదివి వినిపించాడు. నేను మళ్లీ లెక్కగట్టాను. సగానికి పైన ఉన్నది బాగా కిందికి వచ్చింది.

రెండోది 'మానడం' అన్న మాట. ఒకరి కాగితంలో మానడమంటే గడిచిన వారంలో తాగకపోవడం. ఇంకొకరి కాగితంలో ఆరునెలలు ఒక్కటీ ముట్టకపోవడం. నేను రెంటినీ ఒకే గడిలో రాశాను. చిన్నాయిన వీధిలోకి చెయ్యి చూపించాడు. "గా దుకాణపాయన మధ్యాహ్నం అన్నానికి పోతె బంద్ అంటం. దివాలా తీసినా బంద్ అంటం. రెండు ఒకటేనా? ఏ బందో రాయి." అలా ఇంకో గడి.

వాళ్లు తాగలేదని ఎవరు చెప్పారన్నది ఇంకో గడి. కొన్నిచోట్ల ఊపిరిని యంత్రంతో పరీక్షించారు. కొన్నిచోట్ల ఊరికే అడిగారు. "అడిగితే నేనూ తాగలేదనే జెప్త మీ చిన్నమ్మకు. రోజు జెప్తనే ఉన్న" అన్నాడు. ఆ రోజు ఇద్దరం చాలాసేపు నవ్వాం.

దేనితో పోల్చారు అన్నదానికి ఒక గడి. నా టీ బాగుందని ఆయన అంటే సంతోషపడ్డాను. "దేనికంటె బాగుందని అడగవేం బిడ్డా? మీ చిన్నమ్మ టీ కంటెనా, బస్టాండుల దానికంటెనా?" అన్నాడు. కొన్ని పరిశోధనల్లో కరెంటు చుట్టను నికోటిన్ గమ్‌తో, చర్మానికి అంటించే పట్టీలతో పోల్చారు. కొన్నిట్లో ఏమీ ఇవ్వనివాళ్లతో పోల్చారు. ఖర్చు ఎవరు పెట్టుకున్నారన్నదానికి ఇంకో గడి. ఆ పరికరాలు తయారుచేసేవాళ్లే పైసలిచ్చి చేయించిన వాటి పక్కన ఎర్రచుక్క పెట్టించాడు. కొట్టేయమనలేదు. "అబద్ధమని గాదు. జర నిదానంగ సదువుమని" అన్నాడు.

అన్నీ అయ్యాక కింద మేం రాసుకున్న మాటలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఈ పరికరం కొందరికి సిగరెట్ మానడానికి పనికొస్తున్నట్టే ఉంది. గమ్, పట్టీల కంటే కొంచెం ఎక్కువే పనికొస్తుండవచ్చు. అయినా వాడినవాళ్లలో ఎక్కువమంది మానలేదు. మానినవాళ్లలో చాలామంది పరికరాన్ని మానలేదు. కొందరు రెండూ తాగుతున్నారు. చాలా ఏళ్లు వాడితే ఏమవుతుందో ఇంకా ఎవరికీ తెలియదు. తర్వాతి ఏళ్లలో వచ్చినవి కూడా చిన్నాయిన చదివి చెప్పేవాడు. మొదటి రెండు మాటలు ఇంకా గట్టిపడ్డాయి. చివరిమాట అలాగే ఉండిపోయింది.

ఇదంతా రాస్తున్న నెలల్లో చిన్నాయిన గడికీ గడికీ మధ్య గేటు బయటికి వెళ్లి సిగరెట్ తాగి వచ్చేవాడు.

"మానుడు గురించి మూడు నెలల సంది రాస్తున్నం. నువ్వైతే మానలే" అన్నాను ఒకసారి, ఆయన యాసలోనే.

"పరిశోధన కానియ్యి బిడ్డా" అన్నాడు.

నేను నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే ఏమనిపించాలో అది అనిపించడం లేదు. నవ్వానన్న సంగతి మాత్రం గుర్తుంది.

తీరా వాడి చూస్తానని ఆయన మనసు గట్టి చేసుకునే సమయానికి, ఈ-సిగరెట్లు అమ్మకూడదని కేంద్రం నిషేధం పెట్టింది. చిన్నాయిన ఆ పెన్నును తొడుగు కూడా తీయకుండా పాత చాక్‌పీసుల డబ్బాలో పెట్టేశాడు. "ముప్పై ఏండ్లు సర్కారు జీతం తిన్న. వద్దన్నదాన్ని నోట్లె వెట్టుకుంటనా" అన్నాడు. నోటుబుక్ నా అలమారలో పైకి పోయింది. ఆయన రోజుకొక పెట్టె చొప్పున తాగుతూనే ఉన్నాడు.

మీరు నన్ను అడగవచ్చు. అడగకపోయినా చెప్పాలి. ఆ నోటుబుక్‌లోనే, పోలిక కోసం గీసిన గడిలోనే ఇంకో మందు ఉంది. గమ్, పట్టీలు. ఏమీ వాడనివాళ్ల కంటే వాటితో ఎక్కువమంది మానతారని ఎప్పటినుంచో తెలిసిన సంగతే. వాటి మీద నిషేధం లేదు. మందుల దుకాణంలో దొరుకుతాయి. నా చేత్తోనే రాశాను. నేనూ చూడలేదు, చిన్నాయినా చూడలేదు. ఇద్దరి కళ్లూ కరెంటు చుట్ట గడి మీదే ఉన్నాయి. అది పోగానే పుస్తకం మూసేశాం. అలా చాలా ఏళ్లు పోయాయి.

పోయినేడు ఆయనకు నాలుగు మెట్లెక్కితే ఆయాసం రావడం మొదలైంది. దవాఖానలో డాక్టరు సిగరెట్ మానమని గట్టిగా చెప్పాడు. ఆ సాయంత్రం నోటుబుక్ దించి దుమ్ము దులిపాను. ఆ గడి మీద వేలు పెట్టి చూపించాను. చిన్నాయిన కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

"గిది గిన్నేండ్లు ఈడనే ఉన్నదా?"

"ఉంది చిన్నాయినా."

"నీది తప్పు గాదు బిడ్డా. సదివినోన్ని నేను" అన్నాడు. టీ సగం తాగి వెళ్లిపోయాడు. ఆయన టీ వదిలేయడం అదే మొదటిసారి.

మర్నాడు నాలుగింటికి నికోటిన్ గమ్ పెట్టెతో వచ్చాడు. దాన్ని బంక అనేవాడు. పరిశోధనలన్నిటి కింద ఒక కొత్త వరస గీయమన్నాడు. "నేను గూడ మనిషినే గద. నన్ను గూడ రాయి." పేరు రాయబోతే వద్దన్నాడు. రోజుకొక గడి, ఆ రోజు ఎన్ని తాగాడో అంత అంకె.

"నువ్వు చెప్పింది రాసుకోవాలా?"

"నా మాట నమ్ముతవా? తువ్వాల వాసన జూడు. నోరు సోంపేసి కడుగొచ్చు. తువ్వాల అబద్ధమాడదు."

అలా రోజూ గేటు దగ్గర తీగ మీది తువ్వాల వాసన చూడటం నా పనైంది. మొదటి వారాల్లో అయిదు, మూడు, రెండు అని ఉన్నాయి. ఒకరోజు సున్నా అన్నాడు. తువ్వాల గుప్పుమంది.

"బస్టాండుకాడ ఎవడో పక్కపొంటి కూసోని తాగిండు బిడ్డా."

"ఎవరు?"

"ఎవడో ముసలోడు."

"ఎట్లుంటడు?"

"అచ్చం నాలెక్కనే ఉంటడు" అన్నాడు. నేను ఒకటి అని రాశాను.

కొన్నాళ్లకు వరసగా సున్నాలు పడుతుంటే ఆయనకే అనుమానం వచ్చింది. "నీ ముక్కు నా దిక్కు మొగ్గుతాంది. నేను మానాలని కోరుకునే ముక్కు పనికిరాదు. ఎవరిదో జెప్పకుంట మీ ఆయనకు సూపెట్టు" అన్నాడు. మా ఆయన కళ్లు మూసుకుని రెండు తువ్వాలలు వాసన చూశాడు. చిన్నాయినది సబ్బు వాసన అన్నాడు. ఇంకోదాన్ని పట్టుకుని, "గిది మాత్రం ఉతకాలె, ఎవరిదో గానీ" అన్నాడు. అది మా ఆయనదే. చిన్నాయిన అంతలా నవ్వినా, ఎప్పుడూ వచ్చే దగ్గు రాలేదు. ఆ సంగతి ముగ్గురం ఒకేసారి గమనించాం.

మొన్న కంటి ఆపరేషన్ కోసం మహబూబ్‌నగర్‌లో చెల్లె ఇంటికి వెళ్లాడు. దుమ్ము తగలకూడదని కొన్నాళ్లు అక్కడే ఉండమన్నారు. చిన్నమ్మ బర్రెల్ని వదిలి వెళ్లలేకపోయింది. చెల్లె పొద్దంతా ఆఫీసులో ఉంటుంది. ఆ ఇంటి కిందే పాన్‌డబ్బా.

మొదటి రోజు సాయంత్రం నాలుగింటికి ఫోన్ చేశాడు.

"సున్నా" అన్నాడు. మళ్లీ తనే, "రాయకు. ఫోన్ల వాసన రాదు. రానోన్ని ఏం రాయాలె?"

"తాగినట్టు."

"గట్లనే రాయి. వచ్చినంక నేను కొట్లాడుత."

నేను రాయలేదు. వచ్చాక కొట్లాడతాడని గడులు ఖాళీగా ఉంచాను. పద్దెనిమిది గడులు. పద్దెనిమిదో రోజు పొద్దునే చెల్లె ఫోన్ వచ్చింది.

గుండె ఆగిందన్నారు. దినాలు అయిన రోజు చెల్లె నన్ను పక్కకు పిలిచి ఒక ప్లాస్టిక్ కవర్ ఇచ్చింది. "ఆ పొద్దుగాల బాపు భుజం మీద ఉండె అక్కా. బట్టలన్ని ఉతికిన. గిది ఉతుకబుద్ధి గాలే." లోపల తువ్వాల, కవర్ మూతి గట్టిగా ముడేసి ఉంది. చిన్నమ్మ చూసింది. అందరూ భోజనాల దగ్గర ఉన్నారు. చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"తాగిండా బిడ్డా ఆడ? పాన్‌డబ్బా చూసి ఆగుతడా అని రోజు తిట్టుకుంట కూసున్న. గాయన ఆడ పానం మీదికి తెచ్చుకొని మానుతాంటే, నేను ఈడ తిట్టుకుంట కూసున్ననా? నువ్వైతె జెప్తవు."

ముడి విప్పి వాసన చూశాను. ఏమీ లేదు.

"లేదు చిన్నమ్మా. తాగలేదు" అన్నాను.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చి టీ పెడుతూ టీపొడి డబ్బా తెరిచాను. దానికీ వాసన లేదు. ఇంగువ తీశాను. అదీ లేదు. దినాల్లో పట్టిన జలుబో, మరేమిటో, నా ముక్కు పనిచేయడం లేదు. పొగ వాసన లేదన్న మాట నేను చూసి చెప్పింది కాదు. పనిచేయని యంత్రంతో పరీక్ష చేసి చిన్నమ్మకు ఫలితం చెప్పేశాను. చిన్నాయిన అయితే ఎర్రచుక్క పెట్టించేవాడు.

కవర్ మళ్లీ ముడేసి స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించాను. నాలుగు రోజులు పొద్దునే టీపొడి వాసన చూశాను. రాలేదు. అయిదోరోజు మా ఆయన పేపర్ చదువుతుంటే, కళ్లు మూసుకోమన్నాను. ఎందుకని అడగలేదు. మూసుకున్నాడు. డబ్బా మూత తీసి, కవర్ విప్పి, తువ్వాల ముక్కు దగ్గర పెట్టాను.

"ఏం వాసన?"

"దవాఖాన వాసనొస్తాంది. కంట్లేసే మందుదో ఏందో." ఆగాడు. "కొబ్బరినూనె."

"ఇంకా?"

మళ్లీ పీల్చాడు. "ఇంకేం లేదు."

"సరిగ్గా చూడు."

"గంతేనే. ఇంకేం లేదు" అని కళ్లు తెరిచాడు. తువ్వాల చూశాడు. నా మొహం చూశాడు. పేపర్ మడిచి పక్కన పెట్టాడు. నాకు ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు.

నోటుబుక్ తీసి పద్దెనిమిదో గడిలో సున్నా వేశాను. ఇంకు పెన్నుతో. ఒక్క తువ్వాల పద్దెనిమిది రోజులకు సాక్ష్యం చెప్పదు, అది చివరిరోజుదే. మిగిలిన పదిహేడు గడుల్లో ఆయన నియమం ప్రకారమే, రానివాళ్లకు ఏం రాయాలో అదే రాశాను. కానీ వచ్చి కొట్లాడతానన్నాడు కదా. అందుకని అవి పెన్సిల్‌తో రాశాను.

తువ్వాలను గేటు పక్క తీగ మీద ఆరేశాను. అక్కడే ఉంది. హైవే మీది దుమ్ము పడుతోంది, వీధిలో వంటల పొగ తగులుతోంది, ఇక అది ఎవరి సంగతీ చెప్పదు. నాలుగింటికి గాలి వచ్చినప్పుడు దాని కొన వెళ్లి గేటు గొళ్లేనికి తగులుతుంది.